నడిస్తే ఫోన్ ఛార్జ్ అవుతుందట, నిజమేనా? గిరి ప్రదక్షిణకు ముందే తేల్చండి

పెందుర్తి పిల్లోడు:
ఈసారి సింహాచలం గిరి ప్రదక్షిణకు మా బ్యాచ్ అంతా వెళ్తున్నాం. 32 కిలోమీటర్లు, రాత్రంతా నడక, ఆ జనంలో తప్పిపోతే ఫోనే దిక్కు. బ్యాగులో పెట్టుకుని నడిస్తే ఆ ఊపుకి ఛార్జ్ చేసే గొట్టం లాంటిదొకటి ఆన్‌లైన్‌లో చూశాను, పైన సోలార్ పలక అతికించిన పవర్ బ్యాంక్ ఇంకోటి. తర్వాత తుఫానులకీ పనికొస్తాయని నా ఆశ. మావాడేమో రెండూ దండగే అంటున్నాడు. ఏది కొనమంటారు?

గాజువాక ఫిట్టర్:
మీవాడికి ఓ టీ ఇప్పించు తమ్ముడూ.

ముందు గొట్టం సంగతి. లోపల ఉండేది ఓ అయస్కాంతం, చుట్టూ రాగి తీగ చుట్ట. అయస్కాంతం ఊగితే తీగలో కరెంటు పుడుతుంది, ఫారడే 1831లోనే చూపించాడు, అందులో మోసం లేదు. ఎంత పుడుతుందన్న దగ్గరే ఉంది తిరకాసు. ఊగే బరువు 300 గ్రాములనుకో, అడుగుకి 5 సెంటీమీటర్లు లేస్తుందనుకో, సెకనుకి రెండడుగులు వేస్తావు. లెక్క కడితే 0.3 వాట్ కూడా రాదు, అదీ ఎక్కడా ఏమీ పోకుండా మొత్తం దక్కితే! స్ప్రింగు, తీగ, సర్క్యూట్ తినగా 0.1 వాట్ మిగిలితే అప్పన్న దయ. ఎనిమిది గంటలు ఆగకుండా నడిచినా 0.8 వాట్ అవర్. నీ 5000 ఎంఏహెచ్ ఫోన్‌లో పట్టేది దాదాపు 19 వాట్ అవర్లు. అంటే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరినవాడివి కొండ చుట్టి వచ్చేసరికి 4 శాతం, ఈలోపు సిగ్నల్ వెతుక్కుంటూనే ఫోన్ దానికి ఎన్నో రెట్లు తాగేస్తుంది.

ఇక సోలార్. నువ్వు నడిచేది ఆషాఢంలో, అందులోనూ రాత్రి. పౌర్ణమి వెన్నెలకి ప్యానెల్ పనిచెయ్యదు.

సీతమ్మధార అక్క:
ఫిట్టర్ గారూ, మీ లెక్క బాగానే ఉంది కానీ మీరు ఫోన్ ఫుల్ చెయ్యడం గురించే మాట్లాడుతున్నారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు, జనరేటర్ ఉన్న షాపు ముందు ఛార్జర్లు పట్టుకుని క్యూ కట్టాం. అప్పుడు మాకు కావలసింది వంద శాతం కాదండీ, ఊళ్లో అమ్మకి బతికే ఉన్నామని చెప్పడానికి ఒక్క కాల్. చేత్తో తిప్పే హ్యాండిల్ ఛార్జర్ ఉంటే పది నిమిషాలు తిప్పినా ఆ కాల్‌కి సరిపోయేది.

గాజువాక ఫిట్టర్:
అక్కా, ఆ రోజుల్లో చాలాచోట్ల టవర్లే పడకేశాయి కదా, ఛార్జ్ ఉన్నవాడు మాత్రం ఎవరితో మాట్లాడాడు? హ్యాండిల్ మాత్రం గొట్టం కన్నా నయమే, గట్టిగా తిప్పితే 2, 3 వాట్లు వస్తాయి. పది నిమిషాలకి 2 శాతం. చెయ్యి లాగేస్తుంది, అది వేరే విషయం.

పాడేరు మాస్టారు:
సోలార్‌ని ఇంత తేలిగ్గా తీసిపారేయకండి. మా దగ్గర వాన గట్టిగా పడితే కరెంటు పోతుంది, ఎప్పుడొస్తుందో తెలీదు. పవర్ బ్యాంక్ మీద అతికించిన అరచేతి పలక మాత్రం బొమ్మే, ఒప్పుకుంటాను. మిట్టమధ్యాహ్నం ఎండలో చదరపు మీటరుకి దాదాపు 1000 వాట్లు పడితే ఆ చిన్న పలక మీద పడేది పదే, అందులో కరెంటయ్యేది ఐదో వంతు. లోపల 20,000 ఎంఏహెచ్, అంటే 74 వాట్ అవర్లు. నిండాలంటే పది రోజుల మంచి ఎండ కావాలి. పైగా నల్ల పలక కింద బ్యాటరీ ఎండలో ఉడుకుతుంది, 45 డిగ్రీలు దాటాక లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టడం దాన్ని చేజేతులా పాడుచేసుకోవడమే.

నేను వాడేది మడతపెట్టే ప్యానెల్. 28 వాట్లని రాసి ఉంటుంది, మంచి ఎండలో 15 దాకా ఇస్తుంది. చిన్న మీటర్ పెట్టి చూస్తుంటాను. సూర్యుడికి ఎదురుగా వాల్చితే 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లకు దగ్గరగా ఉంటుంది, ఒక మూల చెయ్యి అడ్డం పెట్టానో లేదో అంకె సగానికి పైగా పడిపోతుంది. చెట్టు నీడ మూల మీద పడినా అంతే. మబ్బు వచ్చి పోయినప్పుడల్లా ఫోన్ ఛార్జింగ్ తెగిపోతుంది, అందుకని ప్యానెల్‌తో పవర్ బ్యాంక్ నింపి, దాన్ని నీడలో ఉంచి, రాత్రి దాంతో ఫోన్ పెట్టుకుంటాను.

జాలారిపేట కుర్రోడు:
మా బోట్ల మీద లైట్లకి ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీ పెడతారు, ఫోన్లూ వాటికే గుచ్చుతాం. ప్యానెల్‌కి ఏమీ కాదు మాస్టారూ, పోయేది పిన్ను. ఉప్పు గాలికి చిలుం పట్టి పచ్చగా అయిపోతుంది. ప్యానెల్ మీద ఉప్పు పొర కూడా రోజూ తడిగుడ్డతో తుడవాల్సిందే. బీచ్ దగ్గరుండేవాళ్లు చూసుకోండి.

మురళీనగర్ సైకిల్:
డైనమో గురించి ఎవరూ మాట్లాడరేంటి? పాత సైకిల్ డైనమో 6 వోల్టులు, 3 వాట్లు. ఇది కూడా కదలికే, కానీ నడక గొట్టానికి ముప్పై రెట్లు. వచ్చేది ఏసీ కరెంటు, దాన్ని డీసీగా మార్చే రెక్టిఫైయర్, 5 వోల్టుల రెగ్యులేటర్ లేకుండా ఫోన్‌కి కలిపితే ఫోన్ గోవిందా.

గాజువాక ఫిట్టర్:
మన ఊరి ఎత్తుపల్లాల్లో డైనమో వేసుకుని హనుమంతవాక ఎక్కి చూడు, తెలుస్తుంది!

నే చెప్పేది ఒకటే. కరెంటు పుట్టించడం కష్టం, దాచుకోవడం సులువు. తుఫాను వస్తోందని ఇప్పుడు రోజుల ముందే చెబుతున్నారు. ఇంట్లో 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటే అది 1800 వాట్ అవర్లు, ఫ్యాన్లు కట్టేసి సగం వాడుకున్నా ముప్పై ఫోన్లకి పైగా ఎక్కుతాయి. అది లేనివాళ్లకి రెండు మామూలు పవర్ బ్యాంకులు నింపి పెట్టుకుంటే చాలు.

సీతమ్మధార అక్క:
ఇన్వర్టర్ ఉన్నా ఫ్యాన్ కట్టేసి కూర్చునే ఇల్లు నాకు చూపించండి. మూడో రోజుకి మీ దాచుకున్నదీ అయిపోతుంది, అప్పుడు మా హ్యాండిల్ కోసమే వస్తారు.

పెందుర్తి పిల్లోడు:
సరే, గొట్టం క్యాన్సిల్. ప్రదక్షిణకి ఉన్న పవర్ బ్యాంకే తీసుకెళ్తాను. మాస్టారూ, తుఫానుకి మీ మడత ప్యానెల్ కొందామంటే మా బాల్కనీ ఉత్తరం వైపు, ఎండ రాదు. టెర్రస్ తాళం అసోసియేషన్ ప్రెసిడెంట్ దగ్గర ఉంటుంది.

పాడేరు మాస్టారు:
అయితే ప్యానెల్ కన్నా ముందు తాళానికి డూప్లికేట్ చేయించు బాబూ.