అది బెంగేనా, తమ్ముడూ?

తమ్ముడూ, ముందు ఇది చదువు, మిగతాది తర్వాత. నువ్వు రాసిన ఆ కుర్రాణ్ణి ఈ రాత్రి గదిలో ఒంటరిగా వదలకు. పక్కన కూర్చుని తిన్నగా అడుగు, "చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?" అని. అవునన్నా, జవాబివ్వకుండా తల తిప్పుకున్నా అమెరికాలో ఇలాంటప్పుడు సాయం చేసే నంబరు 988కి ఫోన్ చెయ్యి. ప్రాణం మీదకి వచ్చిందనిపిస్తే 911.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. పాలకొల్లు కుర్రాడు, అమెరికా వచ్చి రెండు నెలలు. మూడు వారాలుగా క్లాసుకి వెళ్ళట్లేదు, పగలు పడుకుని రాత్రిళ్ళు మేలుకుంటున్నాడు, వాళ్ళమ్మ వీడియో కాల్ చేస్తే కట్ చేసి "బిజీ" అని మెసేజ్ పెడుతున్నాడు. మొన్న "నాకోసం తోట తాకట్టు పెట్టారు, నేను లేకపోతే వాళ్ళకే హాయి" అన్నాడన్నావు. "బెంగ పెట్టుకున్నాడేమో, సర్దుకుంటాడా అక్కా" అని అడిగావు.

బెంగ మనకి తెలియనిదా! బెంగ పెట్టుకున్నవాడు ఇంటి ఫోన్ కోసం కాచుకుని ఉంటాడు. ఆత్రేయపురం పూతరేకుల మాటో, పులస పులుసు మాటో ఎత్తితే కళ్ళు తడిసినా నవ్వుతాడు. ఎవరైనా వండిపెడితే నాలుగు ముద్దలు తింటాడు. ఈ అబ్బాయికి వాళ్ళమ్మ గొంతు వినడమే కష్టమైపోయింది. దాన్ని బెంగ అని సరిపెట్టకు.

నేనూ ఒకప్పుడు అలాగే సరిపెట్టాను. నా మొదటి ఏడాదిలో మాతో భీమవరం వైపు అమ్మాయి ఉండేది. ఓ ఆదివారం నా గదిలోకి మాగాయ జాడీ తెచ్చి బల్ల మీద పెట్టి, "నాకెందుకక్కా, నువ్వు వాడుకో" అంది. వాళ్ళమ్మ కట్టిన వాసెన గుడ్డ ఇంకా విప్పనేలేదు. ముడి కూడా అలాగే బిగుసుకుని ఉంది. అంతకుముందు నెల్లాళ్ళు మూలిగిన పిల్ల ఆ రోజు చాలా నెమ్మదిగా, తేలిగ్గా కనిపించింది. హమ్మయ్య, తేరుకుందనుకుని జాడీ తీసుకున్నాను. రెండ్రోజులకి ఆసుపత్రిలో చూశాను. బతికింది, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. కానీ అపురూపమైనవి పంచిపెట్టడం, అన్నాళ్ళ బాధ తర్వాత ఉన్నట్టుండి నెమ్మదించడం కూడా ప్రమాద సూచనలేనని నాకు ఆసుపత్రిలో నర్సు చెబితే తెలిసింది.

దసరాకి ఇంటికొచ్చాను. రాజోలు దగ్గర లంకలో మా అరుగు మీద కూర్చుని రాస్తున్నాను, ఏట్లో ఎర్రనీళ్ళు ఇంకా తేరుకోలేదు. మా తాత వరదొస్తే నీటి అంచున పుల్ల గుచ్చి గంటకోసారి వెళ్ళి చూసొచ్చేవాడు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడోది వచ్చాక సర్దుకుందామని లంకలో ఎవరూ కూర్చోరు. మొదటిదానికే గొడ్లని గట్టెక్కిస్తారు. ఆ కుర్రాడి విషయంలో నువ్విప్పుడు చూస్తున్నది మొదటిది కాదు, తమ్ముడూ.

అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడకు. అలా పుట్టదు. చాలామందికి ఆ మాట పైకి అనగలిగితేనే సగం ఊపిరి ఆడుతుంది. "పిరికివాడిలా మాట్లాడకు", "అమ్మానాన్నల గురించి ఆలోచించు" లాంటివి అనకు. ఆ ఆలోచనే కదా వాణ్ణి తినేస్తోంది! వినడం చాలు. గదిలో మందులూ, చేటు చేసుకోగల వస్తువులూ ఉంటే నీ గదిలోకి తెచ్చేసుకో.

988 నంబరు 2022 జులై 16న మొదలైంది. గోదారి మా లంకల్ని ముంచిన వారం గనక నాకు తేదీ గుర్తు. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బులేమీ పడవు, అతని తరఫున నువ్వైనా చేయొచ్చు. ఫోన్‌లో అయితే 240కి పైగా భాషలకి దుబాసీల్ని కలుపుతారు, తెలుగు కావాలని అడుగు. 911కి చేయాల్సి వస్తే ఇది మానసిక సమస్య అని మొదటి మాటలోనే చెప్పి, అందులో శిక్షణ ఉన్న అధికారిని పంపమను.

రేపు పొద్దున్నే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి నువ్వే వెంటబెట్టుకుని వెళ్ళు. వీసా పోతుందని అతను భయపడుతుంటాడు, మనవాళ్ళు నోరు విప్పకపోవడానికి ఆ భయం పెద్ద కారణం. ఆరోగ్యం బాగోలేకపోతే కోర్సులు తగ్గించుకోవడానికి, అవసరమైతే ఆ సెమిస్టర్ పూర్తిగా ఆగడానికి కూడా ఎఫ్-1 విద్యార్థి వీసా వాళ్ళకి దారి ఉంది. ఒక డిగ్రీ మొత్తమ్మీద 12 నెలల వరకు. డాక్టరు గానీ క్లినికల్ సైకాలజిస్టు గానీ ఇచ్చిన కాగితంతో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో వీసా వ్యవహారాలు చూసే అధికారి, డీఎస్‌ఓ ఒప్పుకోవాలి. ముందు ఆ అనుమతి, తర్వాతే కోర్సు వదలడం. ఇది తలకిందులైతేనే స్టేటస్ చిక్కులు.

పాలకొల్లులో అమ్మానాన్నలకి అతను ఒప్పుకున్నాక చెప్పండి, ప్రాణానికే ముప్పైతే మాత్రం ఆగొద్దు. ముందు దిష్టి అంటారు, గాలి సోకిందంటారు, తాయెత్తు పంపుతామంటారు. వాదించకు, కట్టించుకోనీ. వాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడకపోతే 14416కి చేయమను, అది మన సర్కారు నడిపే మానసిక సాయం లైను, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు.

—

మధ్యలో నాదో మాట. పైన చెల్లెమ్మ తమ్ముడికి చెప్పిన 988, 911 అమెరికా నంబర్లు. ఇది చదివే లండన్ వైపు పిల్లలు రాసి పెట్టుకోండి: ప్రాణాపాయమైతే 999. మానసిక సంక్షోభానికి 111 కొట్టి 2 నొక్కండి. ఊరికే గోడు వెళ్ళబోసుకోవాలన్నా సమారిటన్స్ 116 123. కెనడాలో కూడా 988యే, 2023 నవంబరు 30 నుంచి.

—

అక్కా, అడిగానండి. చాలాసేపు గోడవైపే చూస్తూ ఉన్నాడు. తర్వాత "ఎలా తెలిసింది నీకు" అన్నాడు. ఇప్పుడు 988 వాళ్ళతో మాట్లాడుతున్నాడు, తెలుగు దుబాసీ లైన్లో ఉన్నారు. నేను తలుపు దగ్గర కూర్చున్నాను. అన్నం పెట్టి ఉంచాను.