రొయ్యల గుంట పెట్టెకి కస్టమర్ ఎవరు, ఎండ్ యూజర్ ఎవరు? హూ ఎక్కడ, హూమ్ ఎక్కడ?

గట్టుమీద
ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలకి డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) మీటరు, ఏరియేటర్ల (నీళ్లు చిలికి గాలి కలిపే మోటార్ల) ఆటో స్టార్టరు కలిపిన పెట్టె అమ్ముతాం. కొత్త మోడల్‌కి ఇంగ్లిష్‌లో మాన్యువల్ రాస్తా రెండు చోట్ల ఆగిపోయాం.

"కస్టమర్ వారానికోసారి సెన్సార్ తుడవాలి", "అలారం వస్తే కస్టమర్ రెండో ఏరియేటర్ ఆన్ చెయ్యాలి" అని అంతటా కస్టమర్ అనే రాసుకుంటా పోయినాం. డబ్బు కట్టేది కౌలు రైతు, ఆయన నెల్లూరు టౌన్లో ఉంటాడు. గట్టు మీద ఉండేది కాపలా మనిషి. కరెంటు సర్వీసేమో భూమి యజమాని పేరున ఉంది. వీళ్లలో ఎండ్ యూజర్ ఎవరు?

ఇంకోటి. "ద పర్సన్ హూ వుయ్ ట్రెయిన్డ్" అని రాస్తే దిద్దినాయన హూమ్ చేశాడు. "ద పర్సన్ హూ వుయ్ థింక్ ఈజ్ ఆన్ డ్యూటీ"లో కూడా హూమే చేశాడు. రెండూ సరైనవేనా? 'ఎవరు' అంటే హూ, 'ఎవరిని, ఎవరికి' అంటే హూమ్ అని బడిలో చెప్పిన లెక్క చాలదా?

త్రీఫేజు
అన్నా, మాన్యువల్లో కస్టమర్ అనే మాటే దాదాపు అక్కర్లేదు. అది కొటేషన్లో, ఇన్వాయిస్‌లో, వారంటీ కార్డులో ఉండాల్సిన మాట. డబ్బిచ్చి కొన్న కౌలు రైతు కస్టమర్. పెట్టె మీద చెయ్యి వేసే కాపలా మనిషి ఎండ్ యూజర్. భూమి యజమాని ఈ రెండూ కాదు, కానీ కరెంటు బిల్లు మీద వినియోగదారు ఆయనే. ఏరియేటర్లు పెంచి లోడు పెంచుకోవాలంటే ఆయన సంతకం కావాల్సి వస్తుంది. అందుకే తెలుగు మాన్యువల్లో ఎండ్ యూజర్‌ని 'వినియోగదారు' అనొద్దు, చదివేవాళ్లకి కరెంటు బిల్లే గుర్తొస్తుంది. 'నడిపే మనిషి' అంటే చాలు.

కౌలు రైతు ఫోన్లో యాప్ చూసుకుంటాడు కదా, అక్కడ ఆయన కూడా యూజరే. మనిషిని బట్టి కాదు, ప్రతి వాక్యంలో పని ఎవరిదో చూసి పేరు పెట్టండి.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రాత్రి పాచి కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి డీవో అన్నిటికన్నా తగ్గేది తెల్లవారుజామున. డీవో 4 పీపీఎంకి (లీటరు నీళ్లలో 4 మిల్లీగ్రాములు) తగ్గితే మోగేలా అలారం పెట్టారనుకుందాం. ఆ మెసేజీ 'కస్టమర్ నంబర్' అని ఫారంలో రాసిన టౌన్లోని ఫోనుకి, అదీ ఇంగ్లిష్‌లో వెళ్తుంది. ఆయన లేచి గట్టుకి ఫోన్ చేసేలోపు 3 దాటి కిందికి పోతుంది. ఫారంలో రెండు గళ్లు పెట్టండి. మొదటిది గట్టు మీద ఫోను, రెండోది కొన్న మనిషి ఫోను. మొదటి నంబరు 5 నిమిషాల్లో అలారం ఆపకపోతే రెండోదానికి వెళ్లాలి. పెట్టెకి సైరన్ ఎట్టాగూ ఉండాలి. కాపలా మనిషి మారినప్పుడల్లా నంబరు మార్చడం ఎవరికీ గుర్తుండదు, కాబట్టి గుంటకే ఒక సిమ్ము ఉంచమనండి.

ఫిర్యాదులు కూడా ఇద్దరి దగ్గర్నుంచీ వేరువేరుగా వస్తాయి. సెన్సార్ పొర మీద జిగురు పడితే ఆ జిగురులోని సూక్ష్మజీవులే ఆక్సిజన్ తినేస్తాయి, మీటరు తక్కువ చూపిస్తుంది, ఏరియేటర్లు ఊరికే తిరుగుతాయి. కస్టమర్ "బిల్లు ఎక్కువొస్తోంది" అంటాడు. గట్టు మీద మనిషి "సెన్సార్‌కి పాచి పట్టింది" అంటాడు. రెండూ ఒకటే జబ్బు. సర్వీసు పుస్తకంలో ఎవరు చెప్పారో రాయకపోతే మీవాళ్లు మోటార్లు విప్పి చూస్తా కూర్చుంటారు.

నీళ్ల ఉప్పదనం మాత్రం అమర్చేటప్పుడు మీ టెక్నీషియనే మీటర్లో కొట్టాలి, ఆ ఇద్దరికీ వదలొద్దు. నీళ్లలో ఉప్పు 15 పీపీటీ (వెయ్యికి 15 వంతులు) ఉండి మీటర్లో 0 ఉంటే 28 డిగ్రీల దగ్గర డీవో 8-9 శాతం ఎక్కువ చూపిస్తుంది. 4.3 అని ఉంటే నిజంగా ఉండేది దాదాపు 4.

తెలుగు మీడియం
హూమ్ సంగతి నేను చెప్తాను. మీ మొదటి వాక్యంలో దిద్దుబాటు సరైనదే. రెండోదాంట్లో తప్పు.

'వుయ్ థింక్' మీద వేలు పెట్టి మూసి చదవండి. "ద పర్సన్ హూ ఈజ్ ఆన్ డ్యూటీ" మిగులుతుంది. డ్యూటీలో ఉన్నది ఆ మనిషే, అంటే 'హీ', కాబట్టి హూ. మొదటిదాంట్లో నేర్పింది మనం, నేర్చుకున్నది ఆయన. "వుయ్ ట్రెయిన్డ్ హిమ్" అంటాం కాబట్టి హూమ్. హిమ్ పట్టే చోట హూమ్, హీ పట్టే చోట హూ.

బడిలో చెప్పిన 'ఎవరికి' లెక్కే మనల్ని ముంచుతుంది. "తాళం ఎవరికి ఇచ్చారు" అంటే టు హూమ్, నిజమే. మరి "పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు"? హూ నోస్. "స్పేర్ సెన్సార్ ఎవరికి కావాలి"? హూ నీడ్స్. తెలియడం, కావాలనడం, ఆకలేయడం, ఇవన్నీ తెలుగులో 'కి' తోనే వస్తాయి, ఇంగ్లిష్‌లో మాత్రం ఆ మనిషే కర్త. "తాళం ఎవరి దగ్గరుంది" కూడా హూ హాజ్ అవుతుంది. విభక్తి చూసి కాదు, ఇంగ్లిష్ క్రియ చూసి తేల్చుకోండి.

'టు' కనబడగానే హూమ్ వేయడం ఇంకో తప్పు. "గివ్ ద కీ టు హూఎవర్ ఈజ్ ఆన్ డ్యూటీ" ఒప్పు. అక్కడ హూఎవర్ పని 'ఈజ్'తో, 'టు'తో కాదు.

తెలుగులోనూ జాగ్రత్త. "ఫోన్ చేసిన మనిషి" అని వదిలేస్తే ఎవరు ఎవరికి చేశారో తేలదు. 'మేము ఫోన్ చేసిన', 'మాకు ఫోన్ చేసిన' అని రాస్తేనే హూమా, హూనా తెలిసేది.

మాన్యువల్‌కైతే నా సలహా, హూమ్ తప్పించుకోగలిగిన చోటల్లా తప్పించుకోండి. "ద ఆపరేటర్ వుయ్ ట్రెయిన్డ్" అన్నా తప్పు లేదు, చదవడానికీ తేలిక.

ఒంగోలు కాడ
డీలర్ ద్వారా అమ్మితే మీ ఇన్వాయిస్‌లో కస్టమర్ డీలరే. పెట్టె ఆయన గోడౌన్లో 6 నెలలు పడి ఉంటే వారంటీ సగం అక్కడే కరిగిపోద్ది. 'అమర్చిన రోజు నుంచి' అని రాయండి. చీమకుర్తి క్వారీలకి కోత మిషన్లు అమ్మేవాళ్లకీ ఈ గొడవే, కొనేది ఓనరు, నడిపేది ఆపరేటరు.

చట్టంలో కన్స్యూమర్ అనేది మళ్లీ వేరే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో కొన్నవాడే కాదు, అతని అనుమతితో వాడేవాడు కూడా వస్తాడు. తిరిగి అమ్మడానికి కొన్న డీలర్ రాడు. వ్యాపారం కోసం కొన్నా రాడు, కానీ కేవలం స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొని తనే వాడుకుంటే వస్తాడు. కాబట్టి వారంటీ కార్డులో కస్టమర్ బదులు కన్స్యూమర్ అని రాసేయకండి.

గట్టుమీద
అందరికీ దండాలు. ఇట్టా మార్చినాం:
"ద ఆపరేటర్ క్లీన్స్ ద సెన్సార్ ఎవ్రీ వీక్."
"కాల్ ద ఆపరేటర్ హూ ఈజ్ ఆన్ డ్యూటీ."
"ద కస్టమర్, ఇన్ హూజ్ నేమ్ ద పవర్ కనెక్షన్ స్టాండ్స్, షల్ సైన్."

త్రీఫేజు
మూడోది మళ్లీ చూడండి అన్నా. సర్వీసు కౌలు రైతు పేరున లేదని మొదట రాసింది మీరే. అక్కడ 'కస్టమర్' తీసి 'ద ల్యాండ్ ఓనర్' పెట్టండి.

తెలుగు మీడియం
'హూజ్' మాత్రం సరిగ్గానే వేశారు.