ఎగ్‌నాగ్ రెండుసార్లూ చెడిపోయింది: పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

ప్రశ్న:
క్రిస్మస్ విందుకు వచ్చే అతిథుల కోసం ఇంట్లోనే ఎగ్‌నాగ్ (పాలు, క్రీమ్, గుడ్డు పచ్చసొన, చక్కెరతో చేసే చిక్కటి పానీయం) చేయాలని ఈ వారం రెండుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి, మరుగుతున్న పాలలో గిలక్కొట్టిన పచ్చసొన పోయగానే పసుపుపచ్చని పలుకులు తేలాయి. రెండోసారి మిశ్రమం నున్నగానే వచ్చింది గానీ, పొయ్యి మీద నుంచి దించి వెంటనే రమ్ పోసేసరికి తెల్లటి సన్నని రవ్వలుగా విడిపోయి నీరు వేరుపడింది. ఈ రెండింటికీ కారణం ఒకటేనా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

జవాబు:
రెండూ వేర్వేరు పొరపాట్లండి. మీరు చూసిన పలుకుల రంగే ఆ సంగతి చెబుతోంది. పసుపుపచ్చనివి ఉడికిపోయిన గుడ్డు. తెల్లనివి విరిగిన పాలు. వేడిగా ఉన్న పాలలో 40 శాతం ఆల్కహాల్ ఉన్న రమ్ ఒక్కసారిగా పడితే, అది పడినచోట పాలలోని మాంసకృత్తులు ముద్దకట్టి నీటిని వదిలేస్తాయి.

ఆరుగురికి నేను వాడే కొలతలు ఇవి: 4 గుడ్ల పచ్చసొన, 80 గ్రాముల చక్కెర, 400 మిల్లీలీటర్ల వెన్న తీయని పాలు, 200 మిల్లీలీటర్ల చిక్కటి క్రీమ్, 120 మిల్లీలీటర్ల రమ్ లేదా బ్రాందీ. వెన్న తీసిన పాలు తొందరగా విరుగుతాయి కాబట్టి వాటిని వాడకండి.

ముందుగా పచ్చసొనలో చక్కెర వేసి, రంగు తేలికపడి, గరిటె పైకెత్తితే తెగకుండా జారేదాకా గిలక్కొట్టండి. పాలను మరగనివ్వకుండా, గిన్నె అంచు వెంట చిన్న బుడగలు కనిపించగానే దించేయండి. ఇక్కడ మీరు చేసినదానికి తిరగేసి చేయాలి: సొనను పాలలో పోయకుండా, పాలనే సొనలోకి ఒక్కొక్క గరిటె చొప్పున, సన్నని ధారగా, చేయి ఆపకుండా కలుపుతూ పోయాలి. అలా చేస్తే గుడ్డు నెమ్మదిగా వేడెక్కుతుంది, పలుకు కట్టదు. సగం పాలు కలిశాక మిగతావి కొంచెం ధైర్యంగానే పోయవచ్చు.

తరువాత మొత్తాన్ని గిన్నెలోకి మార్చి సన్నని సెగ మీద, అడుగంటకుండా కలుపుతూ ఉండండి. పచ్చిగుడ్డులో ఉండగల సాల్మొనెల్లా అనే బాక్టీరియా వల్ల ప్రమాదం లేకుండా ఉండాలంటే మిశ్రమం 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. 80 దాటితే మళ్ళీ పలుకులు కట్టే భయం ఉంది. ఈ కాస్త తేడాను కంటితో పట్టుకోవడం కష్టం కాబట్టి వంటింటి థర్మామీటర్ వాడమనే నా సలహా. గరిటె వెనుక పట్టిన పూత మీద వేలితో గీత గీస్తే ఆ గీత చెరగకుండా నిలవడం చిక్కదనానికి గుర్తు. ఆ క్షణంలోనే దించి, చల్లటి క్రీమ్ కలపండి. ఉడకడం అక్కడితో ఆగిపోతుంది. వడకట్టి, గిన్నెను చల్లటి నీళ్ళలో ఉంచి వేడి తగ్గించి, కనీసం 4 గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి.

రమ్ పోయవలసింది ఆ తరువాతే. చల్లబడ్డ మిశ్రమాన్ని కలుపుతూ, కొద్దికొద్దిగా పోయండి. జాజికాయను గ్లాసులో పోశాక అప్పటికప్పుడు తురమండి. ముందే పొడిచేసి ఉంచిన జాజికాయలో ఆ పరిమళం సగం కూడా మిగలదు.

తిరుగు ప్రశ్న:
చాలా కృతజ్ఞతలండి. రంగులో తేడా నేను గమనించాను గానీ దాని అర్థం తెలియలేదు. అతిథుల్లో ఒకరు గుడ్డు తినరు, పిల్లలు కూడా వస్తున్నారు. వారికి ఏం చేయవచ్చు? చెడిపోయినదాన్ని బాగుచేసే వీలుందా?

జవాబు:
గుడ్డు పలుకులు కొద్దిగానే ఉంటే మిక్సీలో తిప్పి, సన్నని జల్లెడలో వడకడితే సరిపోతుంది. రమ్‌తో విరిగినది మాత్రం మళ్ళీ నున్నగా కలవదు, దాన్ని వదిలేయండి. పిల్లల వంతును రమ్ కలపకముందే వేరే జగ్గులోకి తీసి, పొరపాటు జరగకుండా ఆ జగ్గు మీద పేరు రాసి ఉంచండి.

గుడ్డు తిననివారికి కరీబియన్ దీవి ప్యూర్టో రీకో వాసులు క్రిస్మస్‌కు చేసుకునే కోకీటో చక్కగా కుదురుతుంది. చిక్కటి కొబ్బరిపాలు, కండెన్స్‌డ్ మిల్క్, రమ్, దాల్చినచెక్క పొడి కలిపి చల్లబరిస్తే చాలు. పొయ్యితో పనే లేదు. ఫ్రిజ్‌లో కొబ్బరి కొవ్వు పైకి తేలి గడ్డకడుతుంది. అది చెడిపోవడం కాదు. కాసేపు బయట ఉంచి, సీసాను బాగా కుదిపి పోయండి.