జాసియన్‌ను బ్యాన్ చేయాలా వద్దా? కాస్త చెప్పండి

అన్నలూ, అక్కలూ, దిల్‌సుఖ్‌నగర్‌లో మా రూమ్‌లో ప్రతి ఆదివారం ఆరుగురం పోకెమాన్ స్వోర్డ్, షీల్డ్ వీడియో గేమ్‌లు ఆడతాం, ఈమధ్య ఆటకన్నా గొడవే ఎక్కువ. కారణం జాసియన్ అనే పోకెమాన్. కత్తి పట్టిన రూపంలో దాని అటాక్ 170, స్పీడ్ 148, పైగా బరిలోకి దిగిన ప్రతిసారీ అటాక్ ఒక మెట్టు పెరుగుతుంది, వెనక్కి పిలిచి మళ్ళీ దింపితే మళ్ళీ పెరుగుతుంది, ఇదెక్కడి న్యాయమండీ? మొన్న మా తమ్ముడు వరుసగా నాలుగు టర్నుల్లో నాలుగు పోకెమాన్లు పోగొట్టుకుని, గేమ్ ఆడే స్విచ్ మెషిన్ మంచం మీద పడేసి, సగం చాయ్ అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు.

మా బావేమో "2022 అధికారిక పోటీల్లో ఇలాంటి బలమైన పోకెమాన్లు టీమ్‌లో రెండేసి పెట్టుకోనిచ్చారు, మీకేంటి నొప్పి" అంటాడు. నిజమే, కానీ అక్కడ డబుల్స్, ఒక్కో వైపు రెండేసి దిగుతాయి, మాది సింగిల్స్, ఒక్కొక్కటే. ఎదుటి పోకెమాన్‌లా మారిపోయే డిట్టోతో కాపీ కొట్టమంటాడు, ఒక్కదాని కోసం అందరం డిట్టోని మోయాలా? తర్వాత వచ్చిన పోకెమాన్ గేమ్‌లో ఆ అటాక్ 150కి దించి, పెరగడం మ్యాచ్‌కి ఒక్కసారే అన్నారు, అంటే ఎక్కువైందని చేసినవాళ్ళే ఒప్పుకున్నట్టు కాదా?

పూర్తిగా తీసేయాలా, దానికి ఆ కత్తి రూపం ఇచ్చే తుప్పు పట్టిన కత్తి ఐటమ్‌ను మాత్రం ఆపితే చాలా? మీ గ్యాంగ్‌లో ఏం చేశారు? ఆదివారంలోపు చెప్పండి, బావ అప్పుడే టీమ్ రెడీ చేసేశాడు.