పానీయపు పొడితో వేసిన టై-డై రంగు నూలు బట్ట మీద నిలుస్తుందా?

రంగులగిన్నె:
పిల్లలతో టై-డై, అంటే బట్టకు ముడులు కట్టి రంగు వేసే పని, చేయించేటప్పుడు బట్టల రంగులకు బదులుగా, నీళ్లలో కలుపుకొని తాగే పళ్ల రుచుల పొడిని వాడవచ్చా అనే విషయంలో మా మిత్రులు రెండు వర్గాలయ్యారు. వెనిగర్ కలిపితే ఏ బట్ట మీదైనా రంగు నిలుస్తుందని ఒక వర్గం, అది రంగు కాదు, మరక మాత్రమేనని రెండో వర్గం వాదిస్తున్నాయి. నేను మొదటి వర్గంలో ఉన్నాను. వచ్చే వారం ఆరేడేళ్ల పిల్లలు పన్నెండు మంది తెల్లని నూలు టీషర్టులకు ఈ పొడితోనే రంగులు వేయబోతున్నారు. తాగడానికి పనికివచ్చే పొడి కనుక వేళ్లు నోట్లో పెట్టుకున్నా భయం లేదన్నది నా ధైర్యం. అభ్యంతరం ఉన్నవారు కారణంతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఉన్నికండె:
మీ రెండు వర్గాలూ పొడి గురించే వాదించుకుంటున్నాయి. రంగు నిలవడమా, పోవడమా అన్నది తేల్చేది బట్ట.

ఈ తరహా పొడుల్లో అందరికీ తెలిసిన కూల్-ఎయిడ్‌ను 1927లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం, హేస్టింగ్స్ ఊరిలో ఎడ్విన్ పెర్కిన్స్ తయారు చేశారు. చక్కెర కలపని ఆ చిన్న పొట్లంలో ప్రధానంగా ఉండేవి సిట్రిక్ ఆమ్లం, అంటే మన వాడుకలో నిమ్మ ఉప్పు, దానితోపాటు రుచి, రంగు. ఎరుపుకు అల్లూరా రెడ్, నీలానికి బ్రిలియంట్ బ్లూ, పసుపుకు టార్ట్రజీన్ వంటివి వాడతారు. ఇవన్నీ అద్దకంవారు ఆమ్ల రంగులు అని పిలిచే కుటుంబానికి చెందినవే. 1884లో రూపొందిన టార్ట్రజీన్‌ను ఉన్నికీ పట్టుకూ రంగు వేయడానికి కూడా వాడారు. కాబట్టి ఇది అసలు రంగే కాదన్న మీ మిత్రుల మాట తప్పు.

అయితే ఆమ్ల రంగు పట్టుకోవడానికి బట్టలో తగిన చోటు ఉండాలి. ఉన్ని, పట్టు ప్రోటీన్‌తో ఏర్పడిన పోగులు. ఆమ్లం తగిలినప్పుడు వాటిలోని అమైన్ సమూహాలు, అంటే నత్రజని ఉన్న చిన్న భాగాలు, ధన విద్యుదావేశాన్ని పొందుతాయి, రంగు అణువులకు ఋణ విద్యుదావేశం ఉంటుంది, ఆ రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. నీళ్లు 80 డిగ్రీలు దాటి, మరగడానికి కాస్త ముందున్న వేడిలో నిలకడగా ఉంటే ఉన్ని ఆ రంగును పూర్తిగా తాగేస్తుంది. అరగంట తరువాత మూత తీసి చూస్తే, అంతకుముందు చిక్కని ఎరుపుగా ఉన్న నీళ్లు గిన్నె అడుగు కనిపించేటంతగా తేరిపోయి ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు రంగంతా ఎక్కడికి పోయిందా అని నేను గరిటెతో కలియబెట్టి మరీ వెతికాను.

నూలు ప్రోటీన్ కాదు, సెల్యులోజ్ అనే మొక్కల పదార్థం. దానిలో అమైన్ సమూహాలు లేవు. ఎంత వెనిగర్ పోసినా, ఎంత ఉప్పు వేసినా లేనివి పుట్టవు. పైగా ఆ పొడిలో ఆమ్లం ముందే ఉంది కనుక, ఉన్నికి సైతం అదనంగా వెనిగర్ పోయవలసిన అవసరం సాధారణంగా ఉండదు.

దీనికి నా దగ్గర ఉన్న సాక్ష్యం ఒక చిన్న గౌను. తెల్లని నూలు గౌను అంచుకు నైలాన్ లేసు కుట్టి ఉంది. దాన్ని ముడులు కట్టి, చెర్రీ రుచి పొడి కలిపిన వేడి నీళ్లలో నానబెట్టాము. ఆరినప్పుడు అంతా ఒకే ఎరుపు. రెండు ఉతుకులకే నూలు భాగం వెలిసి లేత గులాబీకి దిగింది, ముడుల గుర్తులు కలిసిపోయాయి. లేసు మాత్రం పూసపూసకూ ఎర్రగానే ఉండిపోయింది, ఎందుకంటే నైలాన్‌లోనూ ఆమ్ల రంగును పట్టే అమైన్ సమూహాలు ఉంటాయి. ఒకే గిన్నె, ఒకే పొడి, ఒకే సమయం. తేడా పోగులోనే ఉంది.

నూలుదారం:
ఉన్నికండె గారూ, మీ రసాయన శాస్త్రంతో నాకు పేచీ లేదు. కానీ మా అబ్బాయి నూలు చొక్కా ఐదు ఉతుకుల తరువాత కూడా గులాబీ రంగులోనే ఉంది. దానికంటే ముఖ్యమైన విషయం, ఆరేళ్ల పిల్లలకు కావలసింది ముడి విప్పినప్పుడు కలిగే ఆశ్చర్యం. ఆ రంగు పదేళ్లు నిలవాలని ఎవరు కోరారు? నూలుకు సరిపడే అసలు రంగులంటే చేతితొడుగులు, ముఖానికి మాస్కు, ఘాటైన సోడా నీళ్లు. చిన్నపిల్లల చేతికి వాటినిచ్చే కంటే వెలిసిపోయే రంగే మేలని నా అభిప్రాయం.

ఉన్నికండె:
నూలుదారం గారూ, మీ భయం సరైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోను. నూలు కోసం 1956లో బ్రిటన్‌కు చెందిన ఐసీఐ అనే రసాయనాల సంస్థ మార్కెట్లోకి తెచ్చిన ప్రోషియాన్ తరహా రియాక్టివ్ రంగులు వాషింగ్ సోడా సాయంతో సెల్యులోజ్‌తో రసాయన బంధం కట్టుకుంటాయి, అందుకే ఏళ్ల తరబడి పోవు. వాటి పొడి గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతే కొందరికి ఎలర్జీ పట్టుకుంటుంది, కనుక పొడిని పెద్దవాళ్లే మాస్కు పెట్టుకొని కలపాలి. పిల్లలకు ఇవ్వవలసి వస్తే కలిపిన ద్రావణం, చేతితొడుగులు మాత్రమే ఇవ్వాలి.

కానీ ఆశ్చర్యం చాలునన్న మాటతో నేను ఏకీభవించలేను. ముడి విప్పినప్పుడు సంతోషించే ఆ పిల్లే, వారం తరువాత తన చొక్కా వెలిసిపోయి ఉండడం చూసి, తను సరిగా చేయలేదేమోనని అనుకుంటుంది. ఆ గౌను తొడుక్కున్న పాప నన్ను అడిగింది, తను ముడి గట్టిగా కట్టలేదా అని. నాకు అప్పటికి కారణం తెలియక, అయ్యుండవచ్చునని చెప్పాను. ఆ జవాబు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. రంగు దిగే చొక్కా చెమటకు తడిసినా, ఇతర బట్టలతో కలిపి ఉతికినా మరకలు చేస్తుంది, అది వేరే సంగతి.

మీ అబ్బాయి చొక్కా విషయానికి వస్తే, చల్లని నీళ్లలో తేలికగా జాడిస్తే మరక కొంతకాలం ఉంటుంది, సబ్బుపొడి వేసిన వేడి నీళ్లలో ఉతికితే తెలుస్తుంది. చొక్కా లోపల బట్ట వివరం రాసి ఉండే పట్టీ మీద నైలాన్ కలిసిందేమో కూడా ఒకసారి చూడండి.

పొడి వదలకుండానే దారి ఉంది, బట్ట మార్చండి. తెల్లని పట్టు రుమాలును గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పిండి, రబ్బరు బ్యాండ్లు వేసి, చక్కెర లేని పొడిని కొద్ది నీళ్లలో చిక్కగా కలిపి పిల్లల చేత పోయించండి. చక్కెర ఉన్న పొడి జిగటగా అంటుకుంటుంది, అది వద్దు. తరువాత వేడిని తట్టుకునే ప్లాస్టిక్‌లో చుట్టి అరగంట ఆవిరి పట్టడం పెద్దవాళ్ల పని. పూర్తిగా చల్లారాకే విప్పాలి. ఉన్నితో చేస్తే మరింత నిదానం అవసరం, వేడి నీళ్లలోంచి తీసి చన్నీళ్లలో ముంచినా, రుద్దినా అది ముడుచుకుపోయి దళసరిగా గట్టిపడుతుంది. ఊదా రంగు పొడి వాడితే అందులోని ఎరుపు, నీలం ఒకే వేగంతో పట్టవు కనుక ముడి అంచుల్లో గులాబీ, నీలం విడివిడిగా కనిపించవచ్చు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

నూలుదారం:
పట్టీ చూశాను, నూటికి నూరు పాళ్లు నూలు. చన్నీళ్లలోనే ఉతుకుతున్న మాట నిజం. వెలిసినా ఫరవాలేదన్న నా అభిప్రాయం మారలేదు, కానీ వెలుస్తుందని పిల్లలకు ముందే చెప్పాలని ఒప్పుకుంటున్నాను.

రంగులగిన్నె:
టీషర్టులను పక్కన పెట్టాము. పన్నెండు పట్టు రుమాళ్లు తెప్పించి, ఒకదాని అంచు నుంచి వేలెడంత ముక్క కత్తిరించి, దానితోపాటు టీషర్టు గుడ్డ ముక్కను కూడా ఒకే గిన్నెలో వేసి చూశాను. ఉతికిన తరువాత ఆ రెండు ముక్కలనూ ఒకే అట్ట మీద అంటించాను. ఆ రోజు పిల్లలకు ముందుగా చూపించబోయేది అదే.