సమస్యాపూరణం: మొగము లేని కన్నియ కంట ముసిరె నీరు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి అనే నాలుగు పాదాల పద్యంలో చివరి పాదం. అర్థం పొసగనట్టున్న ఈ పాదానికి అర్థం కుదిరేలా మొదటి మూడు పాదాలూ మీరు రాయాలి.

"మొగము లేని కన్నియ కంట ముసిరె నీరు"

సందర్భం కూడా నేనే ఇస్తున్నాను, తప్పించుకోవద్దు. 1799 డిసెంబరు 14న జార్జి వాషింగ్టన్ కన్నుమూశాక అమెరికాలో బడి ఆడపిల్లలు శోకచిత్రాలు కుట్టడం బాగా వాడుకలోకి వచ్చింది. పట్టుగుడ్డ మీద పట్టుదారంతో సమాధి, దానిపై కలశం, కొమ్మలు వేలాడే విల్లో చెట్టు, పక్కనే తలవంచి నిలిచిన స్త్రీ. చెట్టూ గడ్డీ దుస్తులూ పిల్ల కుట్టేది. ముఖాలు, చేతులు, ఆకాశం నీటిరంగులతో వేసేవారు. చాలాసార్లు ఆ పని డబ్బు పుచ్చుకునే చిత్రకారుడిదే. ఫిలడెల్ఫియాలో శామ్యూల్ ఫోల్వెల్ పట్టు మీద బొమ్మ గీసి ఇచ్చి, ముఖాలూ దిద్దేవాడు. కుట్టు నేర్పింది ఆయన భార్య. ఇక కానివ్వండి.

తేనెటీగ:
పట్టుగుడ్డపై సూదితో బాల కుట్టె
కలశమును, వంగు విల్లోను, గడ్డినెల్ల;
రంగు దిద్దెడు చేయింక రాక మునుపె
మొగము లేని కన్నియ కంట ముసిరె నీరు

గండశిల:
జార్జి వాషింగ్టను మృతికి జలజనేత్ర
గోరి కడ నిల్చి పూదండ గుచ్చునట్లు
చెలులు పలువురు కుట్టిరి పట్టుమీద
మొగము లేని కన్నియ కంట ముసిరె నీరు

నిర్వాహకుడు:
తేనెటీగ గారూ, ధార బాగుంది. 'రంగు దిద్దెడు చేయి' అన్నది పటం తయారైన తీరు తెలిసినవారి మాట. కాని చిక్కు విడలేదండీ. మొగంతోపాటే కన్నూ దిద్దాలి కదా. చిత్రకారుడు రాకముందు ఆ కన్ను ఎక్కడిది? మీరు సమస్యను చక్కగా వర్ణించారు, విప్పలేదు.

గండశిల గారూ, మూడో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ ఒక చోట రావలసిన అక్షరమైత్రి) తప్పింది: 'చెలులు'లోని 'చె'కు 'పట్టు'లోని 'ప' కుదరదు. 'పట్టుమీద' బదులు 'వలువమీద' అంటే ప్రాసయతితో, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరం 'లు' కలవడంతో, గట్టెక్కుతారు. ఇక మొగమే లేనిదానికి జలజనేత్రాలా? న్యూ ఇంగ్లండు బడిపిల్ల మీద కూడా ప్రబంధ నాయిక విశేషణమేనా!

వానకోయిల:
పేరు మాత్రమె కలశంపు పీటపైన
మసిని వ్రాయగ మిగిలెను, మరలి రాని
నావ నెక్కి కడలి కేగినట్టి తండ్రి
మొగము లేని కన్నియ కంట ముసిరె నీరు

తేనెటీగ:
అమ్మో! 'తండ్రి' అన్న ఒక్క మాటతో మొగం చేతులు మారింది. లేనిది పిల్ల మొగం కాదు, చూసుకోవడానికి తండ్రి మొగం.

నిర్వాహకుడు:
అదే నేను కోరిన విరుపు. సందర్భానికీ అతికింది. శోకచిత్రాలన్నీ వాషింగ్టన్‌కే కాదు, ఇంట్లో పోయినవారికీ కుట్టేవారు. సమాధి పీట మీద పేరు, తేదీ సిరాతో రాసేవారు. బోస్టన్ దగ్గరి డార్చెస్టర్‌లో శాండర్స్, బీచ్ అనే ఇద్దరు స్త్రీలు 1803లో పెట్టిన అకాడమీ పటాలు చూడండి. నల్లరంగు పూసిన అద్దపు అంచు మీద, కుట్టిన అమ్మాయి పేరు బంగారు అక్షరాల్లో ఉంటుంది. మొగం దిద్దినవారి పేరు కోసం వెతికితే అక్కడ దొరకడం అరుదు. ఓడరేవు ఊళ్లలో నావ ఎక్కిన తండ్రి తిరిగి రాకపోవడం కవి కల్పించవలసిన సంగతీ కాదు.

ఒక్క చిన్న మాట. 'కలశంపు పీట' వినగానే నాకు పెళ్లిపీట తోచింది. 'కలశంపు దిమ్మె' అందామంటే యతి ఒప్పుకోదు. ఉండనివ్వండి.

గండశిల:
మొదటి పాదం "జార్జి వాషింగ్టను మృతికి జాలి పొంగ" అని మార్చాను. మూడో పాదంలో వలువ తెచ్చాను.

నిర్వాహకుడు:
నడక కుదిరింది. నేత్రాలు పోయాయి, మంచిదే. కాని ఆ మొగం లేనిది ఎవరో ఇంకా చెప్పలేదు. రెండో పాదంలో పూదండ తీసేస్తే చోటు దొరుకుతుంది, ప్రయత్నించండి.