.45-70 లీవర్ యాక్షన్ రైఫిల్ రీకాయిల్ (పేల్చినప్పుడు వెనక్కి తన్నే తన్నుడు) ఎలా తట్టుకోవాలి?

ప్రశ్న:
నా రైఫిల్ (లీవర్ ఆడించి తూటా ఎక్కించే రకం) బరువు 7 పౌండ్లే. బెంచి మీద 400 గ్రెయిన్ల (సుమారు 26 గ్రాముల) బుల్లెట్ ఉన్న లోడ్లు (తూటాలు) కాలిస్తే కాసేపటికే భుజం కమిలిపోతోంది, ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోతున్నాయి. మజిల్ బ్రేక్ (తన్నుడు తగ్గించడానికి గొట్టం చివర బిగించే భాగం) పెట్టించాలా?

జవాబు 1:
బ్రేక్ తన్నుడు తగ్గిస్తుంది గానీ చప్పుడు పెంచుతుంది, పక్కనున్నవాళ్లకి నరకం. ముందు లోడ్ మార్చండి. 1873లో ఈ .45-70 కార్ట్రిడ్జ్ (తూటా) వచ్చింది నల్ల తుపాకీమందుతో (బ్లాక్ పౌడర్), 405 గ్రెయిన్ల సీసపు బుల్లెట్‌తో, వేగం సెకనుకు సుమారు 1,300 అడుగులు. ఇప్పటికీ ఆ స్థాయి లోడ్లు దొరుకుతాయి, ప్రాక్టీసుకి అవి బ్రహ్మాండంగా సరిపోతాయి. అదే బరువు బుల్లెట్‌ని సెకనుకు 1,800 అడుగులకి తోస్తే తన్నుడు దాదాపు రెట్టింపవుతుంది, అంత వేగం పెద్ద జంతువు వేటప్పుడు తప్ప ఎందుకండీ?

జవాబు 2:
లోడ్ సంగతి సరే, అసలు బెంచి మీద కూర్చుంటే ఒళ్లు వెనక్కి కదలదు, దెబ్బంతా భుజమే తింటుంది. సైట్లు సరిచూసుకోవడం అయ్యాక నిలబడి కాల్చండి. బట్ (రైఫిల్ వెనక చివర) కాలర్ ఎముక మీద కాకుండా భుజం గుంటలో గట్టిగా ఆనాలి, వదులుగా పట్టుకుంటేనే గుద్దుతుంది. బట్‌కి మెత్తటి రబ్బరు ప్యాడ్ వేయించండి, కాకపోతే దానివల్ల స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) పొడవు పెరగకుండా చూసుకోవాలి.

కళ్లు మూసుకుపోవడానికి సగం కారణం చప్పుడే. ఇయర్ ప్లగ్స్ మీద మఫ్స్ (చెవుల్ని మొత్తం కప్పేవి) కూడా పెట్టండి. తోడున్నవాళ్లతో మధ్యమధ్య డమ్మీ రౌండ్లు (పేలని ఉత్తుత్తి తూటాలు) కలిపి లోడ్ చేయించుకుంటే, తుపాకీ పేలకపోయినా మీరు ఉలిక్కిపడటం మీకే కనబడుతుంది.

జవాబు 3:
స్కోప్ ఉంటే ఐ రిలీఫ్ (కంటికీ స్కోప్‌కీ మధ్య దూరం) చూసుకోండి, లేకపోతే రైఫిల్ తన్నినప్పుడు స్కోప్ తగిలి కనుబొమ్మ చిట్లుతుంది!